పంచదార లేని పాలతాలికలు

బుల్లిబాబుగారు జిల్లా ట్రెజరీలో బిల్లులు పాస్ చేసి చేసి రిటైరైన మనిషి. ఆయన బల్ల మీదికి వచ్చిన బిల్లు ఒక్క కొర్రీ అయినా పడకుండా బయటికి వెళ్ళిందంటే, పాపం ఆయనకి ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఆఫీసంతా అనుకునేది. రూలు ఏం చెబుతోందో ఆయనకి బాగా తెలుసు. ఏం చెప్పడం లేదో ఇంకా బాగా తెలుసు. భార్య వీరలక్ష్మిని వెంటబెట్టుకుని కొండాపూర్‌లో కొడుకు రవికిరణ్ ఫ్లాటుకి వచ్చి స్థిరపడ్డాక ఆ తెలివి చూపించుకోవడానికి పెద్దగా చోటు లేకపోయింది. అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు ఒకటుంది. అది కాకపోతే కోడలు ప్రవీణ పెట్టిన పథ్యం ఉంది.

పథ్యం ఇంట్లో ఇద్దరికి. ఒకరు షుగరు వ్యాధి ఉన్న బుల్లిబాబుగారు. రెండోది జున్ను.

జున్ను కుక్క. పక్క వీధిలో కడుతున్న టవర్ల దగ్గర ఇసక గుట్ట మీద ఒంటరిగా ఏడుస్తుంటే ప్రవీణ చున్నీలో చుట్టి తెచ్చింది. ఒళ్ళంతా లేత గోధుమరంగు, మీద అక్కడక్కడ తెలుపు. వీరలక్ష్మి చూడగానే జున్ను అంది, అదే పేరైపోయింది. ఫ్లాటులో కుక్కేమిటని వారం రోజులు ముఖం మాడ్చుకున్నది బుల్లిబాబుగారే. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం గొలుసు పట్టుకుని తిప్పేదీ ఆయనే. తను తప్ప ఇంకెవరు తిప్పినా దానికి సరిగ్గా తిరిగినట్టు ఉండదని ఆయన నమ్మకం.

అది వచ్చిన కొత్తలో ఓ ఆదివారం ఆయన ఉల్లిగారె ముక్క తుంపి బల్ల కిందికి చెయ్యి చాపారు. సాయంత్రానికి జున్ను హాలంతా కక్కింది. ప్రవీణ కోప్పడలేదు గానీ, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఉల్లి, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్షా కిస్‌మిసూ మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్టు అసలు కూడదు. ఉడికించిన ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి. నూనెలో దేవినవి వద్దు, పంచదార వేసినవి వద్దు.

కారణం చెప్పకుండా ఏ రూలూ ఒప్పుకునే అలవాటు ఆయనకి లేదు. అన్నిటికీ అడిగినట్టే దీనికీ అడిగారు.

"పంచదార ఎందుకు వద్దమ్మా?"

"మీకెందుకు వద్దో దానికీ అందుకే మామయ్యగారూ" అంది ప్రవీణ, ఆఫీసు ఫోను మోగుతుంటే లేస్తూ.

ఆ మాట ఆయనకి సబబుగా తోచింది. "ఇదిగో అమ్మాయ్, మాటిస్తున్నాను. నా కంచంలోంచి దానికి మెతుకు కూడా పెట్టను" అన్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కూడా. ప్రవీణ ఆ సంగతి అపార్ట్‌మెంటులో అందరికీ చెప్పుకునేది, మా మామయ్యగారు అలా కాదండీ, ఒకసారి చెబితే తూచా తప్పరు అని. అది విన్నప్పుడల్లా బుల్లిబాబుగారికి పాత ఆఫీసు గుర్తొచ్చి ఛాతీ కాస్త విప్పారేది.

వేసవిలో ఒకసారి ఆయన మాత్ర వేసుకుని టిఫిన్ సంగతి మరిచిపోయి నడకకు వెళ్ళారు. బొటానికల్ గార్డెన్ దాటేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, కాళ్ళు తన కాళ్ళు కానట్టు తేలిపోయాయి. పేవ్‌మెంటు మీద చతికిలబడ్డారు. చేతిలోంచి గొలుసు జారిపోయింది. జున్ను ఎక్కడికీ పోలేదు. ఎవరో కొబ్బరిబోండాల మనిషి వచ్చి పంచదార నీళ్ళు తాగించేదాకా ఆయన మోకాలికి ఆనుకుని నిలబడే ఉంది. షుగరు పడిపోవడం అంటే ఏమిటో ఆయనకి తెలిసింది ఆ రోజే. అప్పట్నుంచి చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం లేకుండా గడప దాటడం లేదు.

వినాయక చవితి వచ్చింది. వీరలక్ష్మి చేతి పాలతాలికలు ఆ ఇంట్లో అందరికీ ప్రాణం. బియ్యప్పిండిని సన్నగా తాలికలు చేసి పాలల్లో ఉడికించి, దించేముందు తీపి కలుపుతుంది. కిందటేడు బుల్లిబాబుగారికి ఏదో ఆకు పొడి వేసి చేస్తే చేదెక్కి, పండగపూట ఈ కషాయం ఏవిటని ఆయన గిన్నె పక్కకి తోసేశారు. ఈసారి ప్రవీణ ముందే జాగ్రత్తపడింది. ఆఫీసులో స్నేహితురాలు చెప్పిందని కొత్త పొడి తెప్పించింది. చూడ్డానికి అచ్చం పంచదార. చెట్టు బెరడులోంచి తీస్తారట, చేదు ఉండదట, షుగరు పెద్దగా పెరగదట.

"అత్తయ్యా, మామయ్యగారి గిన్నెలో ఇదే వేయండి. ఈసారి ఆయన మూతి ముడవరు" అంది.

ఆయన మూతి ముడవలేదు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎన్నాళ్ళకి, పండగ పండగలా తగిలింది నాలుకకి. "పంచదార వేసేశావా ఏవిటే?" అని భార్యని అనుమానంగా చూశారు కూడా.

భోజనాలయ్యాయి. కింద క్లబ్‌హౌసులో అపార్ట్‌మెంటు వాళ్ళ వినాయకుడి దగ్గర అన్నదానం, వడ్డించే వంతు రవికిరణ్, ప్రవీణలది. వాళ్ళు దిగి వెళ్ళారు. వీరలక్ష్మి తెల్లవారుజామున లేచిన మనిషి, నడుం వాల్చింది. బుల్లిబాబుగారు సగం మిగుల్చుకున్న పాలతాలికల గిన్నెతో బాల్కనీలో కుర్చీ వేసుక్కూర్చున్నారు. జున్ను వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. దాని పళ్ళెంలో రోజూ పడే ఎండు గుళికలే పడ్డాయి. బూరెలు వేగుతుంటే పొద్దుట్నుంచీ వంటింటి గడప దగ్గర ముక్కెగరేసుకుంటూ కూర్చున్నది, ఏమీ దక్కకుండానే లేచి వచ్చింది. అయినా అడగడం మానదు కదా, గిన్నె వంక చూసింది, ఆయన వంక చూసింది.

ఆయనకి నిజంగా జాలేసింది. ఇంత పండగా చేసుకుని ఇంట్లో ప్రాణికి గుళికలా!

జాలి పడి ఊరుకుంటే గొడవే లేదు. బుల్లిబాబుగారు ఆలోచించారు. ఇందులో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. కిస్‌మిస్ లేదు. నూనెలో దేవింది కాదు. పంచదార కూడదన్నారు, పంచదార అసలే లేదు. నాకెందుకు వద్దో దానికీ అందుకే వద్దన్నారు, మరి ఇది నాకు పెట్టిందేగా? ఇక ఇచ్చిన మాట సంగతి. మెతుకు పెట్టనన్నది కంచంలోంచి. ఇది గిన్నె. ఇన్ని విధాలా అనుకూలంగా ఉన్న ఫైలుని ఆయన తన సర్వీసులో తిప్పి పంపలేదు. గిన్నె కింద పెట్టారు.

జున్ను గిన్నె అడుగు మెరిసేదాకా నాకింది. ఆయన దాని తల నిమిరి, గిన్నె కడిగి బోర్లించి వచ్చి, కుర్చీలోనే కునుకు తీశారు.

నీళ్ళ పళ్ళెం దొర్లిన చప్పుడుకి మెలకువ వచ్చింది. జున్ను హాల్లో నిలబడాలని చూస్తోంది. వెనక కాళ్ళు పక్కకి జారిపోతున్నాయి. రెండడుగులు వేసి సోఫాకి గుద్దుకుంది. పిలిస్తే తల తిప్పింది గానీ చూపు ఆయన మీద ఆనలేదు. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది.

ఆయనకి ఆ నడక తెలుసు. ఆ వణుకు తెలుసు. బొటానికల్ గార్డెన్ దగ్గర తన కాళ్ళు అలాగే పోయాయి.

"లక్ష్మీ! లేవవే! దీనికి షుగరు పడిపోయింది!"

గ్లూకోజు కోసం చెయ్యి ఛాతీ మీదికి పోయింది. పండగని పట్టు పంచె, కండువాతో ఉన్నారు, జేబెక్కడిది? చొక్కా ఏ కొక్కేనికి తగిలించారో ఆ క్షణాన తోచలేదు. కంగారుగా చుట్టూ చూస్తే దేవుడి పీట కనిపించింది. పంచామృతాలకి తీసిన తేనె చిన్న గిన్నెలో ఇంకా ఉంది. ఉద్వాసన చెప్పకుండా పీట మీది వస్తువు కదిపే ఇల్లు కాదది. వీరలక్ష్మి వచ్చి కుక్కని చూసింది, పీటని చూసింది. తనే వెళ్ళి గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పుయ్యండి. స్వామేం అనుకోడు."

తెలివి సరిగా లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆయనకి తన డాక్టరు చెప్పాడు. అందుకని తేనె వేలితో తీసి జున్ను పెదవి కింద, చిగుళ్ళకి రాశారు. మళ్ళీ రాశారు. వీరలక్ష్మి కొడుక్కి ఫోన్ చేసింది.

రవికిరణ్ కారు తీశాడు. గేటు దగ్గర అన్నదానం వరస రోడ్డు దాకా ఉంది. సెక్యూరిటీ రాజయ్య పరుగున వచ్చి అద్దంలోంచి చూశాడు. "అయ్యో, జున్నుకేమైంది సారూ? గిట్ల రాకుండ్రి, పరేషాన్ గాకుండ్రి, ఎనక గేటు తీస్త" అని ముందు పరుగెత్తాడు. పండగనాడు తెరిచి ఉన్న పశువుల ఆసుపత్రి ఎక్కడుందో ప్రవీణ ఫోన్‌లో వెతికి పట్టుకుంది. జున్ను బుల్లిబాబుగారి ఒళ్ళో ఉంది. వణుకు కాస్త తగ్గినట్టే ఉంది గానీ తల నిలవడం లేదు.

"రవీ, నువ్వేమైనా పెట్టావా? బూరె గానీ, గారె గానీ?" ప్రవీణ ముందు సీట్లోంచి అడిగింది.

"నేనెందుకు పెడతాను? కింద ఎవరైనా పెట్టారేమో."

ఆమె మామగారిని అడగనే లేదు. ఆయన్ని అడగాల్సిన అవసరం ఉందని ఆమెకి తోచలేదు. బుల్లిబాబుగారు నోరు తెరవబోయి ఆగారు. పాలతాలికల్లో పంచదారే లేదు కదా, పైగా దానికి వచ్చింది షుగరు పడిపోవడం. ఆ రెంటికీ పొత్తేమిటి? సంబంధం లేని కాగితం ఫైల్లో పెట్టి గందరగోళం చేయడం ఎందుకని తనకి తాను చెప్పుకున్నారు. చెప్పుకుంటూనే కిటికీలోంచి బయటికి చూశారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు పేరు భార్గవి, చిన్నపిల్ల. జున్ను చెవి అంచున సూదితో గుచ్చి రక్తపు బొట్టు తీసింది. రోజూ పొద్దున్నే బుల్లిబాబుగారు తన వేలికి వాడే మిషనే. అందులో వచ్చిన అంకె చూసి ఆయన అదిరిపోయారు. తేనె రాశాక కూడా అంత తక్కువ! తను పేవ్‌మెంటు మీద కూలబడిన రోజు కూడా అంత పడలేదు.

డాక్టరు ముంగాలికి సెలైను పెడుతూనే అడిగింది. "ఏం తింది?"

"దాని ఫుడ్డే డాక్టర్" అంది ప్రవీణ. "పండగ వంటలేవీ పెట్టలేదు. మా ఇంట్లో ఎవరూ పెట్టరు. మా మామయ్యగారైతే మాటిచ్చాక ఒక్క మెతుకు కూడా పెట్టలేదు."

"ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ దానికి అందాయా?"

అందరూ ఆయన వంక చూశారు. "మాత్రలు బీరువాలో ఉంటాయమ్మా, తాళం నా దగ్గరే" అన్నారాయన.

"మరి ఇంత పడడానికి కారణం ఉండాలి. సరే, ముందు గ్లూకోజ్ ఎక్కిద్దాం. మాత్ర మింగిందనే అనుకుని చూద్దాం" అంటూ డాక్టరు కాగితం మీద రాయబోయింది.

తప్పుడు కారణం రాసిన కాగితం ఎంత దూరం పోతుందో బుల్లిబాబుగారికి తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఇంతసేపూ ఏది సంబంధమో ఏది కాదో తేల్చింది తను. తేల్చాల్సిన మనిషి చేతిలో కలంతో ఎదురుగా నిలబడి ఉంది. ఆయన కోడలి వంక చూడలేదు. చూస్తే ఆ మాట బయటికి రాదని తెలుసు.

"నేను పెట్టానమ్మా. పాలతాలికలు. మధ్యాహ్నం, బాల్కనీలో."

ప్రవీణ ఆయన వైపు తిరిగింది.

"బెల్లంతోనా, పంచదారతోనా?" అంది డాక్టరు.

"రెండూ కాదు. నాకోసం వేరే చేశారు. పంచదార లేనివి."

డాక్టరు చేతిలో కలం ఆగిపోయింది. "పంచదార బదులు ఏం వేశారు? పేరు కావాలి. ఇప్పుడే."

ప్రవీణ ఫోన్ తీసింది. పొడి ఆర్డరు చేసిన పేజీ దొరికాక, బొమ్మని పెద్దది చేసి, వెనకవైపు సన్న అక్షరాలు చదివింది. "జైలిటాల్" అంది.

"అదే" అంది డాక్టరు. "మనకేం కాదు. కుక్కలకి విషం. కడుపులో పడగానే వాటి ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరిపోతుంది, అందుకే షుగర్ ఇలా పడిపోయింది. లివర్ని కూడా దెబ్బతీస్తుంది." లోపలికి కేకేసి ఏవో మందులు చెప్పింది. మళ్ళీ బుల్లిబాబుగారి వైపు తిరిగింది. "మీరు చెప్పకపోతే లివర్ సంగతి నాకు తట్టేది కాదండీ. షుగర్ నిలబడగానే ఇంటికి పంపేసేదాన్ని. ఇప్పుడు పంపను. రెండు మూడు రోజులు చూస్తేగానీ ఏ మాటా చెప్పలేను."

బయట వరండాలో బల్ల మీద మామా కోడళ్ళిద్దరూ కూర్చున్నారు. రవికిరణ్ మందుల కౌంటరు దగ్గర ఉన్నాడు.

"కారులో చెప్పాల్సింది మామయ్యగారూ" అంది ప్రవీణ. గొంతులో కోపం ఉంది. దాచుకోలేదు. "నేను అడిగినప్పుడు చెప్పాల్సింది."

నన్ను అడగలేదు కదమ్మా అని ఆయన అనవచ్చు. అక్షరాలా నిజం కూడా. "అవునమ్మా, చెప్పాల్సింది" అన్నారు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "కొన్నది నేనే. ఉల్లిపాయ తొక్క నేల మీద పడితే పరుగెత్తే దాన్ని, ఆ డబ్బా వెనక తిప్పి చూడలేదు. మీకు పడనిదే దానికీ పడదని చెప్పింది కూడా నేనే."

"పెట్టింది నేను" అన్నారాయన. ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటే వేళ్ళకి ఇంకా తేనె జిగురు తగిలింది.

ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదు. వీరలక్ష్మి మాత్ర సంగతి గుర్తుచేసి కసిరితే రెండు ముద్దలు మింగారు. మర్నాడు పొద్దున్నే గొలుసు చేత్తో పట్టుకుని తలుపు దాకా వెళ్ళి, అక్కడ గుర్తొచ్చి, తిరిగొచ్చి మేకుకి తగిలించారు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి బోను పక్కన స్టూలు మీద కూర్చునేవారు. మొదటి పరీక్షలో లివర్ బాగాలేదన్నారు. రెండో పరీక్షలో ఆ దెబ్బ ఇంకా పెరగలేదన్నారు. ఆ తర్వాతిదాంట్లో తగ్గుముఖం పట్టిందన్నారు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు ఆయనకి ఏడుపొచ్చింది. ఆడపిల్ల ముందు ఏడవడం బాగుండదని లేచి బయటికి వెళ్ళిపోయారు.

అపార్ట్‌మెంటు వినాయకుడి నిమజ్జనం నాటికి జున్ను ఇంట్లో ఉంది. బక్కచిక్కింది గానీ కింద డప్పులు మోగితే బాల్కనీలోంచి మొరిగేంత ఓపిక వచ్చింది. ఇంట్లో ఆ తెల్లపొడి డబ్బా లేదు. బుల్లిబాబుగారి తీపి కూడా లేదు. ఆయన దాని ఊసెత్తలేదు, ఇంట్లో కూడా ఎవరూ ఎత్తలేదు.

సాగనంపే నైవేద్యానికి వీరలక్ష్మి మళ్ళీ ఉండ్రాళ్ళు చేసింది. దేవుడికీ మనుషులకీ పోపు పెట్టి, ఉప్పూ శనగపప్పూ వేసి ఒక వాయ. దానికంటే ముందు ఇంకోటి వేరే గిన్నెలో చేసింది. డాక్టరు సరేనన్నాకే చేసింది. ప్రవీణ ఆ గిన్నె తెచ్చి మామగారి ముందు పెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చాక జున్నుకి తిండి పెట్టేది ఆమె ఒక్కతే. బుల్లిబాబుగారు తనంతట తాను చెయ్యి చాపింది లేదు.

"మీరు పెట్టండి మామయ్యగారూ."

ఆయన గిన్నె అందుకోలేదు. "ఇందులో ఏమున్నాయమ్మా?"

"బియ్యపురవ్వ. నీళ్ళు."

"ఉప్పు?"

"లేదు."

"తీపి? ఏ పేరుతోనైనా సరే?"

"ఏమీ లేదు మామయ్యగారూ."

ఆయన అక్కడితో ఆగలేదు. వంటింట్లోకి కేకేసి భార్యని అవే ప్రశ్నలు అదే వరసలో మళ్ళీ అడిగారు. ఆవిడ విసుక్కుంటూనే అవే జవాబులు చెప్పింది. ప్రవీణకి నవ్వొచ్చింది, నవ్వలేదు. అప్పుడు బుల్లిబాబుగారు ఒక ఉండ్రం తీసి, రెండు ముక్కలు చేసి, లోపల ఏమైనా ఉందేమోనని వెలుతురుకి పెట్టి చూసి, వంగి అరచెయ్యి చాపారు.

జున్ను ఏమీ అడగలేదు. ఆయన చేతిలో ఏముందో చూడను కూడా చూడకుండా తినేసింది.